చూడనక్కరలేని తీగలు

ప్రహరీగోడ మీదికి ఏ తీగను పాకించాలి అనే ప్రశ్నకు ఈ రోజులలో మూడు రకాల సమాధానాలు వినబడుతున్నాయి. ఏదైనా సరే, తొందరగా గోడను కప్పివేస్తే చాలునన్నది మొదటిది. తీగలంటే పురుగూ పుట్రా చేరతాయి, ప్లాస్టిక్ ఆకుల పరదా తెచ్చి మేకులు కొట్టించడం మేలన్నది రెండవది. పరదేశపు మొక్క ఒక్కటి కూడా వద్దు, కావ్యాలలో ఉన్న లతలే వేయాలన్నది మూడవది. ఈ మూడింటితోను నాకు పేచీ ఉన్నది. మొదటిదానితో ఉన్న పేచీ మరీ పెద్దది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి, ఉద్యోగ విరమణ తరువాత పెరటిలో పాదులు త్రవ్వుకొంటున్నవాడిని గనుక, ఈ విషయంలో నాలుగు మాటలు గట్టిగా చెప్పే అధికారం నాకు కొంత ఉన్నదనే అనుకొంటున్నాను. చదువరులు కాదంటే ఖండించవచ్చు.

నర్సరీకి వెళ్లి గోడమీదికి తీగ కావాలని అడిగి చూడండి. అమ్మేవాడు ముందుగా ఒక కుండీ చూపించి, "ఇదైతే చూడనక్కరలేదు మాస్టారూ!" అంటాడు. పాపం, అతనిని నేను తప్పు పట్టను. వచ్చిన ప్రతివారూ "పని లేనిది ఇవ్వు" అని అడుగుతూ ఉంటే అతడు మాత్రం ఏమి చేస్తాడు? గోదావరి ఒడ్డున కడియపులంక తోటలలో దొరకని తీగ అంటూ ఉండదు. అడిగే నాలుకే మారిపోయింది. "చూడనక్కరలేదు" అన్న మాటలో ఉన్న శ్లేషను మాత్రం ఎవరూ గమనించినట్లు లేదు. సంరక్షణ చేయనక్కరలేదు అని అతడి భావం. కంటితో చూడనక్కరలేదు అని ఆ మాటకు రెండవ అర్థం. మొదటి అర్థంలో నిజమైన మొక్క, రెండు మూడేళ్లలో రెండవ అర్థంలో కూడా నిజమవుతుంది. అదే నా వాదం. దేనికోసం మన చేయి కదలనక్కరలేదో, దానిమీద మన కన్ను నిలవదు.

ఆ కుండీలో ఉన్నది సాధారణంగా ఫైకస్ ప్యుమిలా. చీనా, జపాను ప్రాంతాల నుండి వచ్చిన తీగ. చిన్న చిన్న ఆకులతో గోడకు పచ్చని దుప్పటి కప్పినట్లు పాకుతుంది. చూపునకు ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కాని అది మఱ్ఱి, రావి, మేడి జాతికి చెందినది. రావి మొలక గోడ పగులులో కనబడితే వెంటనే పీకించేవారు, దాని దాయాదిని డబ్బిచ్చి కొని తెచ్చి అదే గోడకు అంటిస్తున్నారు! అది గోడను ఎలా పట్టుకొంటుందో డార్విన్ మహాశయుడు 1865లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. కణుపుల దగ్గర పుట్టే సన్నని వేళ్లు జిగురు వంటి ద్రవాన్ని స్రవిస్తాయని, దానితోనే అవి అతుక్కొంటాయని గాజుపలక మీద పరీక్షించి చూశాడు. ఆ జిగురు పట్టు సామాన్యమైనది కాదు. ఎప్పుడైనా తీసివేయదలచి లాగితే గోడపూత పెళ్లలుగా ఊడి వస్తుంది, ఊడని చోట వేళ్ల గుర్తులు జెఱ్ఱి కాళ్లవలె మిగిలిపోతాయి. రంగు వేసినా ఆ గుర్తులు కనబడుతూనే ఉంటాయి.

అంతటితో ఆగదు. చిన్న ఆకుల ముచ్చట లేతవయసులోనిది. కత్తిరింపు లేకుండా వదిలివేస్తే ఈ తీగకు ముదురుదశ వస్తుంది. అప్పుడు గోడను విడిచి అడ్డంగా, కట్టెబారిన కొమ్మలు చాపుతుంది. ఆకులు అరచేతి వెడల్పునకు దగ్గర పడతాయి. ఆ దశ రాకుండా ఉండాలంటే ఏటా రెండు మూడు మార్లు కత్తెర పట్టవలసిందే. అంటే "చూడనక్కరలేదు" అన్నది మొదటి అర్థంలో కూడా అబద్ధమే! ఇంత చేసినా పువ్వు కనబడదు, మేడిపువ్వు వలె కాయలోనే దాగి ఉంటుంది. వాసన లేదు. కూరకు రాదు, కొప్పుకూ రాదు. గోడకు పచ్చరంగు వేయించుకొన్నా ఇంతే ఫలం దక్కేది గదా!

రెండవ కుండీలో ఉండేది కర్టెన్ క్రీపరు. మేడమీది గట్టున నాటితే వ్రేళ్లాడుతూ తెరవలె క్రిందికి జారుతుంది. దీనిని పాకించనక్కరలేదు, కట్టనక్కరలేదు. ఇది తీగ చేయవలసిన పని ఒక్కటి కూడా చేయదు. తీగ అన్నది పైకి వెదకుతూ పోవలసినది. ఇది కేవలం జారుతుంది. అపార్టుమెంటుల వారికి మేడ ఎత్తు దాచుకోవడానికి పనికివస్తుందేమో గాని, అయిదడుగుల ప్రహరీగోడ ఉన్న ఇంటివారికి దీనితో ఏమి పని?

లతకు వల్లి, వ్రతతి అని అమరసింహుడు వనౌషధివర్గంలో పర్యాయపదాలు కూర్చాడు. తీగ, తీగె, తీవ, తీవియ అని తెలుగులో మనకు సొంతమైన మాటలు ఉన్నాయి. ఇన్ని మాటలలో ఏ ఒక్కదానికీ "గోడకు వేసే పూత" అన్న అర్థం లేదు. తీగ అంటే ఊత కోరుకొనేది. ఆ ఊతను అది ఏ విధంగా అందుకొంటుంది అన్నదే కొనబోయేవాడు అడుగవలసిన మొదటి ప్రశ్న. పూవు రంగు ఆ తరువాతి మాట.

అందుకొనే విధానాన్ని బట్టి తీగలు నాలుగు తెగలు. శంఖపుష్పం, తిప్పతీగ, చిక్కుడు, బచ్చలి వంటివి కాండంతోనే ఊతను చుట్టుకొంటాయి. వీటికి సన్నని తీగో, త్రాడో, పుల్లో కావాలి. నున్నని గోడను ఎంతకాలం చూపించినా ఎక్కలేవు. దొండ, కాకర, బీర, కృష్ణకమలం నులితీగలతో పట్టుకొంటాయి. వీటికి అల్లిక ఉన్న దడి కావాలి. కాగితం పూలు ముళ్లతోను, మనోరంజితం కొక్కేలతోను ఆనుకొంటాయి. మనోరంజితంలో పూవు వ్రేలాడే కాడే వంగి కొక్కెమవుతుంది. రాధామనోహరంలో రాలిన ఆకుల తొడిమలు గట్టిపడి ముళ్లుగా నిలిచి పట్టునిస్తాయి. వీటికి బలమైన ఇనుపచట్రం, అప్పుడప్పుడు మన కట్టు కావాలి. తమలపాకు, మిరియం, ఫైకస్ కణుపుల వేళ్లతో అతుక్కొంటాయి. మొదటి మూడు తెగలవి గోడను ముట్టవు. నాలుగవ తెగది గోడను వదలదు. ఈ ఒక్క భేదం తెలిసి ఉంటే సగం ఇళ్లలో సగం పొరపాట్లు జరగవు.

ఇక పూర్వపక్షాలకు సమాధానం చెప్పాలి.

"తీగలు పెంచితే గోడ పాడవుతుంది" అంటారు. ఏ తీగ? అతుక్కొనే తీగ అయితే నిజమే. చుట్టుకొనేదానికి గోడనుండి మూడు నాలుగు అంగుళాల ఎడంగా కొక్కేలు దిగగొట్టి, తుప్పు పట్టని తీగలు లాగి కడితే, గోడకూ ఆకుకూ నడుమ గాలి ఆడుతుంది. చెమ్మ నిలవదు. వైశాఖమాసపు పడమటి ఎండను ఆకులే తాగుతాయి. ఎండను మింగిన ఉత్త గోడ రాత్రి రెండు జాములదాకా వేడి కక్కుతుందని దాని ప్రక్కన మంచం వేసుకొని పడుకొన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

"పాములు వస్తాయి" అంటారు. పాము పూలవాసనకు రాదు. సంపెంగకో మొగలిపొదకో పరవశించి వస్తుందన్నది కథలలోని మాట. పాము వచ్చేది ఎలుకకోసం, కప్పకోసం. ఎలుక చేరేది దట్టమైన మఱుగులోకి. నేలనుండి ఒక అడుగు ఎత్తువరకు ఆకులు దులిపి, పాదు చుట్టూ చెత్త ఊడ్చి ఉంచిన పందిరి క్రింద మఱుగు ఎక్కడిది? కత్తెర ఎఱుగని దట్టపు దుప్పటి వెనుకనే అన్నీ దాగేది. అంటే, పాములకు జడిసి ఎవరు "పని లేని తీగ"ను ఎంచుకొన్నారో, వారే వాటికి విడిది కట్టి ఇస్తున్నారు.

"ఆకులు రాలి చెత్త అవుతుంది" అంటారు. అవును, రాలుతుంది. ప్రాణమున్నది గనుక రాలుతుంది. చీపురు అందుకొని పది నిమిషాలు ఊడ్చి, ఆ ఆకులను పాదులోనే వేయండి. రాలని ఆకులే కావాలంటే రెండవ పక్షంవారి ప్లాస్టిక్ పరదా ఉండనే ఉన్నది. దానిని గురించి ఎక్కువ వ్రాయను. రెండు మూడు వేసవులు ఎండ తగిలితే ఆకుపచ్చ వెలిసిపోతుంది, ముట్టుకొంటే పెళుసుగా విరిగిపోతుంది. ఆ విరిగిన తునకలు మట్టిలో కలిసి మన మనుమల కాలానికి కూడా మట్టి కావు. గోడ ఉత్తగా ఉండడం అవమానమేమీ కాదు. సున్నం వేసిన తెల్లని గోడకు ఒక మర్యాద ఉన్నది. లేని ప్రాణం ఉన్నట్లు నటించే గోడకు అది కూడా లేదు.

మూడవ పక్షంవారు నాకు ఆప్తులు. వారి అభిరుచి నాకు తెలుసు, వారు చదివిన కావ్యాలే నేనూ చదివాను. శకుంతల అత్తవారింటికి బయలుదేరుతూ వనజ్యోత్స్న అనే నవమాలికను చెల్లెలివలె కౌగిలించుకొన్న ఘట్టం చెప్పేటప్పుడు నా గొంతూ గద్గదమయ్యేది. అయినా వారి వాదం నిలవదు. రాధామనోహరం మన పెరళ్లలో ఎంతగా కలిసిపోయిందంటే దానికి ఇంత అందమైన పేరు పెట్టుకొన్నాము. పడమటి శాస్త్రజ్ఞులకు మాత్రం అది ఏమిటో తోచక "ఎవరు? ఏమిటి?" అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు! కృష్ణకమలం దక్షిణ అమెరికా వైపునుండి వచ్చినది. దాని కేసరాలలో పాండవులను, కౌరవులను లెక్కపెట్టుకొని మన భారతాన్ని దానిమీద మోపాము. కాగితం పూలను ఫ్రెంచి నావికుడు బూగన్విల్ యాత్రలో 1767లో బ్రెజిల్ తీరాన చూసి, ఆయన పేరే పెట్టారు. మిరపకాయ కూడా ఆ ఖండంనుండి వచ్చినదే. అది లేని ఆవకాయను ఈ మిత్రులు ఎవరైనా తింటున్నారా?

ఎదురు ఉదాహరణ కూడా చూడండి. మాధవీలత మన కావ్యాలకు ప్రాణం. వసంతంలో పరిమళిస్తుంది, కాయలు మూడు రెక్కలు కట్టుకొని గాలిలో తిరుగుతూ ఎగురుతాయి. అదే మాధవి మారిషస్, రీయూనియన్ దీవులలో అడవులను కప్పి చంపుతున్నదని, ప్రపంచంలోని నూరు దుష్ట వలస జీవుల పట్టికలో చేర్చారు. మొక్కకు సాధుత్వం, దుష్టత్వం పుట్టిన ఊరును బట్టి రావు. ఉన్నచోట దానిని అదుపులో ఉంచే చేయి, దాని పూవును కోరే తేనెటీగ, దాని ఆకును తినే గొంగళిపురుగు ఉన్నవా లేవా అన్నదానిని బట్టి వస్తాయి. కనుక "మనదా, పరాయిదా" అన్న ప్రశ్న చాలదు. "దీనితో ఎవరు బ్రతుకుతారు?" అని అడగాలి. ఈశ్వరి తీగ ఉంటే ఎఱ్ఱని ఒంటితో, నల్లని రెక్కలతో ఉండే సీతాకోకచిలుక వచ్చి గ్రుడ్లు పెడుతుంది. రాధామనోహరం సాయంకాలం తెల్లగా విచ్చి, మరునాటికి గులాబి, ఆపై ఎఱుపు తిరుగుతుంది. తెల్లని పూవుకు రాత్రి చిమ్మటలు, రంగు తిరిగిన పూవుకు పగటి ఈగలు వస్తాయి. ఫైకస్ దుప్పటికి ఎవరు వస్తున్నారో ఒక వారం నిలబడి చూసి చెప్పండి.

ఖండనతో సరిపెట్టుకొంటే పండితుడికి ఒప్పునేమో గాని తోటమాలికి ఒప్పదు. ఏ గోడకు ఏ తీగ తగునో నా మతం చెబుతాను.

తూర్పు గోడకు జాజి, విరజాజి. ఇవి సగం చుట్టుకొంటాయి, సగం వాలుతాయి. పదిహేను రోజులకొకసారి కొసలను మళ్లించి కట్టాలి. జాజి అన్న మాట సంస్కృతంలోని జాతికి తద్భవం. మన మొల్ల పేరు కూడా ఈ కుటుంబంలోని పూవుదే. పుష్యమాసంలో కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్లకు పూలు విరివిగా వస్తాయి. అదే గోడ మీద ఖాళీ ఉంటే శంఖపుష్పం. పాత తెలుగులో దీనిని దింటెన అన్నారు. చిక్కుడు కుటుంబంలోనిది గనుక వేరుబుడిపెలలో నత్రజని నిలిపి మట్టికి మేలు చేస్తుంది.

పడమటి గోడకు, నీళ్లు తక్కువైన చోటుకు కాగితం పూలు. దానిమీద నాకు ద్వేషం లేదు. మనం పూరేకులనుకొనే రంగులన్నీ ఆకులే, అసలు పూవు నడుమ తెల్లని చిన్న గొట్టం. ఎండను ఓర్చుకొంటుంది, ముళ్లు కాపలా కాస్తాయి. చిన్నపిల్లలు ఆడుకొనే వైపు మాత్రం వద్దు. గట్టి చట్రం కట్టగలిగితే రాధామనోహరం. రెండిళ్ల నడుమ నీడ సందులో తమలపాకు. దానికి చెమ్మ, చల్లదనం కావాలి. అతుక్కొనే తెగది గనుక గోడకు కాక, పాతిన మునగకొయ్యకో వెదురుకో ఎక్కించాలి. మాధవి, మనోరంజితం పెద్ద తీగలు. వాటిని అయిదడుగుల గోడకు కట్టడం ఏనుగును దూడ గుంజకు కట్టడమే. స్థలమున్నవారు వీధిగుమ్మం పందిరికి వేసుకోవాలి.

వంటింటి వైపు గోడకు కూరతీగలు. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. దొండ కొమ్మ ముక్క గుచ్చితే ఏళ్ల తరబడి కాస్తుంది. బచ్చలి కోసినకొద్దీ చిగురిస్తుంది. చిక్కుడు వానకాలంలో పెడితే, పగళ్లు పొట్టిపడిన తరువాత పూస్తుంది. సంక్రాంతికి కూర, రథసప్తమికి చిక్కుడుకాయల రథం, ఆకులలో సూర్యునికి పరమాన్నం. ఒక్క తీగ పంచాంగంలో ఇంత చోటు సంపాదించుకొన్నది. గురువింద మాత్రం పిల్లలున్న ఇంట వద్దు. గింజ చూడచక్కనిది, లోపల విషం.

ఏ తీగకైనా గోడ మొదట్లో గుంట తీయవద్దు. అక్కడ ఉండేది పునాది నాటి ఇటుకముక్కలు, సిమెంటు పెళ్లలు. గోడకు అడుగున్నర దూరంలో పాదు చేసి, పుల్లతో గోడవైపు నడిపించండి.

అసలు పణం ఏమిటంటే, మనం ఒక పూర్తి తరాన్ని "చూడనక్కరలేదు" అన్న మాటతో పెంచుతున్నాము. దాని ఫలం ఇప్పటికే చూశాము. కంచెలమీద ఊరికే అల్లుకొని ఉండిన తిప్పతీగను పిచ్చితీగ అని పీకి పారవేసినవారు, 2020లో కరోనా వచ్చినప్పుడు దానినే దుకాణాలలో పొడిగా, మాత్రలుగా వెదకి కొన్నారు. (వైద్యుని అడగకుండా ఎడాపెడా తినడం కాలేయానికి చేటు అని తరువాత హెచ్చరికలు కూడా వచ్చాయి.) దింటెనపూలను ఎండబెట్టి "బ్లూ టీ" అని పొట్లాలలో అమ్ముతుంటే, ఆ పూవు తమ తాత ఇంటి దడిమీద ఉండినదని మనుమలకు తెలియదు. పేరు తెలియనిదానిని పీకడం తేలిక. పీకినదానిని తిరిగి కొనుక్కోవడమే కష్టం.

గోడ ఇద్దరిది అన్న సంగతి కూడా తీగే గుర్తు చేస్తుంది. జాజి కొస ప్రక్కింటివైపు వాలుతుంది. ఆ ఇల్లాలు పూలు కోసుకొంటుంది. దొండపాదు ఇటు కాసినన్ని కాయలు అటూ కాస్తుంది. "మీవైపు కాయలు ముదిరిపోతున్నాయి, కోసుకోండి వదినా!" అని ఒక మాట గోడ దాటుతుంది. గాజుపెంకులు గుచ్చిన గోడమీదుగా, దానిని మఱుగుపరచిన పచ్చదుప్పటి మీదుగా ఏ మాటా దాటదు. ఊత లేక అల్లాడుతున్న ముల్లై తీగకు తన రథాన్నే వదిలిపెట్టి నడిచిపోయిన పారి అనే దొర కథను తమిళులు రెండువేల ఏళ్లుగా చెప్పుకొంటున్నారు. వెఱ్ఱి దాతృత్వమని నవ్వేవారున్నారు. నాకు మాత్రం, తీగ ఏమి అడుగుతున్నదో ఒక్క క్షణం ఆగి చూసినవాడుగా కనబడతాడు. మనలను ఎవరూ రథం ఇమ్మనడం లేదు. నాలుగు కొక్కేలు, పది బారల తీగ, వారానికి ఒక అరగంట చాలు. ఆ అరగంట కూడా లేదనేవారు తీగ పెంచవద్దు, గోడకు సున్నం వేయించుకోండి. అది నిజాయితీ గల పని.

ఆషాఢం దాటి నాలుగు వానలు పడిన తరువాత కొమ్మలు గుచ్చడానికి అనువైన కాలం. అంతవరకు కొక్కేలు దిగగొట్టి, పాదులు త్రవ్వి, పశువుల ఎరువు వేసి సిద్ధంగా ఉంచండి. మీ ఊళ్లలో ఈ తీగలకు వేరే పేర్లు ఉంటే తప్పక వ్రాయండి. ఒక్కో పేరు ఒక్కో ఊత. నా వాదంతో విభేదించేవారికి కూడా స్వాగతం. అయితే ఫైకస్ పక్షాన వాదించదలచినవారు ముందుగా దానిని గోడనుండి ఒక మూర మేర ఊడదీసి చూసి, ఆ తరువాత వ్రాయగలరు.